ఒడి లాంటి పడక: వల ఉయ్యాల కథ

మన ఇళ్ళల్లో పుట్టిన పిల్లలకి మొదటి పడక ఏది? దూలానికి కట్టిన పాత చీర. చేలో కలుపు తీసే తల్లి వేపకొమ్మకి కట్టేదీ అదే. అందులో పడుకున్న బిడ్డ ఎటు ఒత్తిగిలితే బట్ట అటే ఒదుగుతుంది. బిడ్డ బొద్దుగా ఉందా, బక్కగా ఉందా అని చీర అడగదు. నడక వచ్చాక మనం దాన్ని విప్పేస్తాం. భూమికి అవతలి వైపు మాత్రం దాన్ని విప్పని జనం ఉన్నారు. పుట్టిన దగ్గర నుంచి పెద్దవయసు దాకా వాళ్ళ నిద్రంతా ఉయ్యాలలోనే. ఇప్పుడు మన పిల్లలు క్యాంపింగ్‌కి కొనమని పేచీ పెట్టే హామక్ వాళ్ళ సొత్తే.

1492 అక్టోబరులో కొలంబస్ బహామా దీవుల్లో దిగాడు. అక్కడి తైనో ప్రజల ఇళ్ళల్లో నూలు వలల్లాంటి పడకలు చూశానని దినచర్యలో రాసుకున్నాడు. వాళ్ళ భాషలో దాని పేరు హమాకా. ఆ మాటే స్పానిష్‌లోకి వెళ్ళి, అక్కడి నుంచి ఇంగ్లీషులో హామక్ అయింది. తేమ నేల, పురుగూ పుట్రా ఉన్న చోట నేలకి ఎత్తులో, కిందినుంచి గాలి ఆడే పడక అది. పొద్దున్నే చుట్టి పక్కన పెడితే ఇల్లు ఖాళీ. పత్తి వడికి, నేసింది ఎక్కువగా ఆడవాళ్ళే.

ఆ పత్తే వాళ్ళ మెడకి చుట్టుకుంది. 1495లో కొలంబస్ హిస్పానియోలా దీవిలో పన్ను వేశాడు. 14 ఏళ్ళు దాటిన వాళ్ళు మూడు నెలలకోసారి కొలత ప్రకారం బంగారం ఇవ్వాలి. బంగారం దొరకని ప్రాంతం వాళ్ళు మనిషికి 25 పౌన్ల పత్తి, అంటే సుమారు 11 కేజీలు ఇవ్వాలి. ఇంటి పడక కోసం వడికే చేతులు దొర కోసం కష్టపడాల్సి వచ్చింది. వెట్టి చాకిరీ, ఆకలి, 1518లో వచ్చిన మశూచి కలిసి ఊళ్ళకి ఊళ్ళని ఖాళీ చేశాయి. వాళ్ళ పడక మాత్రం ఓడ ఎక్కింది.

ఇక్కడి నుంచి ఈ కథ రెండు దారులు పట్టింది.

ఒకటి ఓడ దారి. చెక్క మీద పడుకునే నావికుడికి, ఓడతో పాటు తానూ ఊగే పడక వరమే. 1597లో ఇంగ్లండు నౌకాదళం దీన్ని అధికారికంగా ఒప్పుకుంది. కానీ యుద్ధనౌకలో వందలమందిని ఇరికించాలి కదా! ఒక్కో మనిషి పడక తగిలించడానికి లెక్కకి ఇచ్చిన చోటు 14 అంగుళాలు. సగంమంది కాపలాకి వెళితే పక్కవాడి చోటు కూడా కలిసొచ్చేది, అంతే. అక్కడ వల పోయి ముతక కేన్వాసు గుడ్డ వచ్చింది. మనిషి అందులో నిలువుగా, బిగదీసినట్టు పడుకోవాలి. పడకని మనిషికి కాక ఓడకి సరిపడా కొలిచారన్నమాట.

రెండోది ఇంటి దారి. మెక్సికోలోని యుకటాన్‌లో, బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో హామక్ ఇంటిని వదల్లేదు. యుకటాన్ ఇళ్ళ గోడల్లో దీన్ని తగిలించే కొక్కేలు ఇల్లు కట్టేటప్పుడే పెడతారు. తిష్కోకోబ్ అనే ఊరు ఈ నేతకి పేరుపొందింది. అక్కడ హామక్ కొలతల్లో ‘మాట్రిమోనియల్’ అని ఒకటుంది, అంటే ఆలుమగలది. అంతకన్నా పెద్దది ‘ఫమిలియార్’, పిల్లల్ని కూడా వేసుకుని పడుకోవచ్చు. బ్రెజిల్‌లో దీన్ని ‘హెడ్జీ’ అంటారు, వల అని అర్థం. అక్కడ వెడల్పాటి నేతగుడ్డతో చేసి, అంచులకి కుచ్చులు కుడతారు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మా వదిన (మావారి అక్కగారు) బరువు 100 కేజీల దగ్గర ఉంటుంది. మొన్న సెలవుల్లో అందరం అరకు వెళితే, పిల్లలు రెండు చెట్ల మధ్య హామక్ కట్టారు. ఒకరి తర్వాత ఒకరం ఎక్కాం. తను ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవలేదు. ‘‘మీరూగండమ్మా, నేనెక్కితే చెట్టు కూడా వచ్చేస్తుంది’’ అని తనే జోకేసింది. అందరూ నవ్వారు. ఎవరూ నవ్వకముందే తన మీద తనే జోకేసుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది! బస్సు సీటు, రెడీమేడ్ జాకెట్టు, సినిమాహాలు కుర్చీ... అన్నీ ఒక కొలతకి చేసి, పట్టని మనిషినే తప్పు పడతాయి. చిన్నది ఆ పడక, తప్పు తనది కాదు.

అందుకే కొనేటప్పుడు ఇంటి దారిలో వచ్చినదాన్ని వెతకండి. భారీ మనిషికి పొడవు 11 అడుగులు, వెడల్పు 5 నుంచి 6 అడుగులు ఉంటే హాయి. వెడల్పు ఎందుకంటే, ఇందులో నిలువుగా కాదు, ఏటవాలుగా పడుకోవాలి. తల ఒక పక్కకి, కాళ్ళు ఇంకో పక్కకి జరిపితే నడుము దగ్గర వంపు పోయి ఒళ్ళు దాదాపు సమంగా ఆనుతుంది. యుకటాన్ వాళ్ళు పడుకునే పద్ధతే ఇది.

రెండు చివర్లా కర్రలు పెట్టి చాప లాగా పరిచిన రకం చూడ్డానికి అందంగా ఉంటుంది. అమెరికాలోని సౌత్ కరోలినాలో 1889లో జాషువా వార్డ్ అనే పడవ కెప్టెన్ చేసిన తాళ్ళ హామక్‌తో ఈ రకానికి పేరొచ్చింది. పెరట్లో పగటి కునుకుకి బాగుంటుంది గానీ, ఒళ్ళు మునగకుండా పైపైన ఉంటుంది కాబట్టి ఒక పక్కకి జరిగితే తిరగబడుతుంది. రాత్రి నిద్రకి కర్రలు లేనిదే మేలు.

ఇక బరువు సంగతి. ఇంటర్ చదివే మా అబ్బాయితో లెక్క కట్టించాను. 100 కేజీల మనిషి పడుకున్నాక తాడు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో వైపు 100 కేజీల లాగుడు పడుతుంది. బిగించి 10 డిగ్రీలకి తెస్తే అదే లాగుడు దాదాపు 288 కేజీలు! మనమేమో గట్టిగా లాగి కడితే భద్రం అనుకుంటాం. వదులుగా కడితేనే తాడుకీ చెట్టుకీ సుఖం. చూపుడువేలు అడ్డంగా చాపి బొటనవేలు నిలువుగా ఎత్తండి. రెండు కొనల్నీ కలిపే గీత సుమారు 30 డిగ్రీల వాలు.

సంచీ మీద రాసిన బరువు మన బరువు కన్నా బాగా ఎక్కువ ఉండాలి. 100 కేజీల మనిషికి 180 కేజీలు, ఆపైన ఉన్నది తీసుకోండి. గుడ్డకే కాదు, పట్టీలకీ కొక్కేలకీ విడిగా చూడాలి. పలచని నైలాన్ సాగుతుంది కాబట్టి రెండు పొరలది నయం. ఆ పొరల మధ్య పలచని పరుపు దూరిస్తే వీపుకి చలి కొట్టదు. బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీలు, ఎండిపోని లావుపాటి చెట్లు ముఖ్యం. కూర్చున్నప్పుడు కుర్చీ ఎత్తుకి రావాలి. ముందు మధ్యలో కూర్చుని, తర్వాత కాళ్ళు పైకి తీసుకోండి. దిగేటప్పుడూ అంతే.

కొట్లో అబ్బాయి మిమ్మల్ని ఎగాదిగా చూసి ‘‘మీకిది ఆగదేమో ఆంటీ’’ అంటే చిన్నబుచ్చుకుని వచ్చేయకండి. ‘‘అయితే ఆగేది చూపించు బాబూ’’ అనండి. యుకటాన్‌లో ఆలుమగల్నీ పిల్లల్నీ కలిపి మోసే పడక ఇది. మనల్ని మోయలేకపోవడమేమిటి?