చీనావారి పండుగలు - ఆరోగ్యరక్షణము

పండుగ యనగానే మనకు మొదట స్ఫురించునది పిండివంట. బంధువుల రాక, వేళతప్పిన భోజనము, అర్ధరాత్రివరకు మేలుకొనుట దానివెంట వచ్చును. పండుగ మరునాడు వైద్యుని వెదకికొని పోవుటయు పలువురకు వాడుకయే. ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. చీనాదేశపు పూర్వులు పండుగలోనే ఔషధము నెట్లు చేర్చిరో, వారు చేర్చినవానిలో నిలువదగిన దేదో, విడువదగిన దేదో సంగ్రహముగా మనవి చేసెదను.

రోగము వచ్చిన పిదప మందు వెదకుటకంటె రాకమునుపే కాచుకొనుట మేలని చీనావైద్యమునకు మూలమగు బోధ. సుమారు రెండువేల యేండ్లనాటి ‘హువాంగ్‌డీ నైజింగ్’ అను గ్రంథము ఈ బోధనే ముఖ్యముగా గైకొన్నది. ఋతువు మారునపుడు దేహము తడబడునని ఆ వైద్యుల తలంపు. పండుగలలో పెక్కు ఋతువులు మారు వేళలనే వచ్చును. కావున ఒక్కొక్క పండుగకు ఒక్కొక్క ఓషధి ముడివడినది.

క్రీ. శ. 6వ శతాబ్దమున ట్సుంగ్ లిన్ అను పండితుడు యాంగ్ట్సీ నదీ మధ్యప్రాంతపు ఆచారములను వరుసగా వ్రాసియుంచెను. సంవత్సరాదినాడు ‘తూసూ’ అను మూలికల సురను త్రాగుదురని అందు కలదు. మన యిండ్లలో మర్యాద పెద్దలతో మొదలగును. అచ్చట ఈ పానీయము మాత్రము చిన్నవారితో మొదలయ్యెడిది. పిల్లవానికి ఒక యేడు చేకూరినది గనుక వానికి ముందు. వృద్ధునకు ఒక యేడు తరిగినది గనుక ఆయనకు తుదిని. 7వ శతాబ్దపు మహావైద్యుడు సున్ సిమియావో దీని యోగమును వివరించెను. రేవల్చిన్ని, దాల్చిన మున్నగు దినుసులను సంచిలో కట్టి, సంవత్సరపు కడపటి దినమున బావిలో వ్రేలాడదీసి, మరునాటి వేకువను తీసి సురలో కాచవలెను. ఈ దినుసుల పేర్లు మనకు క్రొత్తవి కావు. ‘దాల్చిని’ యను మాటకు పారసీకభాషలో చీనా మ్రాను అనియే యర్థము.

ఐదవనెల ఐదవనాటి పండుగ మరియొక విధమైనది. అది ఎండయు తేమయు కలిసిన కాలము. పాములు, తేళ్లు, దోమలు, జ్వరములు విజృంభించును. అందుచే ఆ నెలకు దుష్టమాసమని పేరు. నాడు మాచిపత్రి జాతి మొక్కను కోసితెచ్చి, మనుష్యాకారముగా కట్టి, విషవాయువు సోకకుండ గుమ్మమునకు వ్రేలాడగట్టుదురని ట్సుంగ్ లిన్ వ్రాసెను. కత్తివలె నుండు వస ఆకులను కూడ ద్వారములకు కట్టు వాడుక కలదు. మన వినాయకచవితి పత్రులలో మొదట చెప్పబడు మాచిపత్రియు, పసిపిల్లలున్న యింట కానవచ్చు వసకొమ్మును ఇక్కడ తలపునకు వచ్చును.

తొమ్మిదవనెల తొమ్మిదవనాడు చామంతిపూలు వేసిన సుర త్రాగి, ఇంటిల్లిపాదియు కొండ యెక్కుదురు. ఆ దినమున ఒక కుటుంబము కొండ యెక్కి ప్రాణము దక్కించుకొనెననియు, సాయంకాలము తిరిగివచ్చి చూడగా ఇంటనున్న కోళ్లును పశువులును చచ్చిపడియుండెననియు పాతకథ. కథ యెట్టిదైనను, విందునాడు ఇల్లు విడిచి గాలికి నడచుట మంచి యలవాటే.

ఇక పరీక్షించి చూడవలసిన మాట. ఐదవనెల పండుగనాడే మణిశిలపొడి కలిపిన సురను పెద్దలు త్రాగెడివారు. పిల్లల నుదుట దానిని పూసెడివారు. పాములు దీనికి భయపడునని నమ్మకము. మణిశిల గంధకముతో కలిసిన పాషాణము. దానిని గాలి తగులునట్లు కాల్చినచో తెల్లపాషాణము పుట్టును. అందుచే దీనిని త్రాగరాదని నేటి చీనావైద్యులే హెచ్చరించుచున్నారు. తూసూ యోగమునందును వసనాభి జాతి దినుసు కలదు. కొలత తప్పిన నది ప్రాణాంతకము. పూర్వులు చెప్పిరన్నంతమాత్రమున విషము అమృతము కానేరదు.

అట్లని పాతగ్రంథముల నన్నిటిని మూలబెట్టుటయు తగదు. 4వ శతాబ్దమున గే హోంగ్ అను వైద్యుడు, అత్యవసర సమయమున వాడదగిన చికిత్సలను కూర్చుచు, చలిజ్వరమునకు ఒక ఉపాయము వ్రాసెను. ‘చింగ్‌హావ్’ అను మొక్కను పిడికెడు తెచ్చి, నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసమును త్రాగవలెననెను. ఇదియు మాచిపత్రి జాతిదే. 1969లో మలేరియాకు మందు వెదకు కార్యమున చేరిన తూ యూయూ అను విదుషీమణి ఈ వాక్యమును చదివెను. కాచుమని కాక నానబెట్టుమని యుండుట ఆమెను ఆలోచింపజేసినది. అధికమైన వేడి గుణమును చెరచునేమో యని తలచి, తక్కువ వేడిమిలో ఈథరు అను ద్రవముతో సారమును తీయించెను. 1972 నాటికి అసలు మందు వేరుపడినది. ఆ సారమును రోగుల కిచ్చుటకు ముందు ఆమెయు, తోడివారును తామే త్రాగి చూచిరి. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను. అయితే నేడు జ్వరము మాన్పునది ఆకుకషాయము కాదు. కొలతప్రకారము తయారుచేసి, మరియొక మందుతో కలిపి యిచ్చు మాత్ర. మలేరియా సోకినవాడు ఆకు నమ్ముకొని యింట కూర్చుండరాదు.

ఒకే పండుగ గుమ్మమున మాచిపత్రి జాతియు, పాత్రలో మణిశిలయు నుండెను. ఒక జాతి మొక్కనుండి లోకమునకు మందు లభించినది. రెండవది విషమని తేలినది. ఏది ఏదియో నమ్మకము చెప్పజాలలేదు, పరీక్ష చెప్పినది. మన యిండ్లలోని పండుగ మందులకును ఇదియే కొలత కావలెను.

పరీక్షకు నిలిచిన మరియొక మాటయు సున్ సిమియావో చెప్పియే యుండెను. కడుపునిండ తిని వెంటనే పరుండరాదు. భోజనానంతరము మెల్లగా నడువవలెను. రాత్రివేళ మితముగా తినవలెను. దీనికి దినుసు అక్కరలేదు, ఖర్చు లేదు. ఇంటిలో పెద్దలు ముందుగా ఆచరించి చూపినచో పిల్లలకు వేరుగా చెప్పవలసిన పని యుండదు.