ఎలెన్ కెల్లీ

ఎలెన్ కెల్లీ (1832–1923) ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 88 ఎకరాల భూమిని నమ్ముకుని ఏడుగురు పిల్లలను సాకిన ఐరిష్ వితంతువు. బందిపోటు నెడ్ కెల్లీ తల్లిగానే ఆమె లోకానికి తెలుసు.

పుట్టింటి పేరు క్విన్. ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ ప్రాంతంలో పుట్టి, 1841లో తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చింది. 1850లో మెల్‌బోర్న్‌లో జాన్ కెల్లీని పెళ్ళాడింది. అతడు టిప్పరరీలో రెండు పందులు దొంగిలించి, ద్వీపాంతర శిక్ష అనుభవించినవాడు. 1866 డిసెంబరులో ఎవెనెల్ అనే ఊళ్ళో ఒళ్ళు నీరుపట్టి చనిపోయాడు. ఆ మరణాన్ని అధికారుల దగ్గర నమోదు చేయించినది ఇంకా బాలుడైన నెడ్.

ఎలెన్ పిల్లలతో అక్కచెల్లెళ్ళుండే గ్రేటాకు చేరింది. 1868లో, తాగివచ్చిన మరిది అక్కడ వాళ్ళుంటున్న ఇంటికి నిప్పుపెట్టాడు. అతడికి ఉరిశిక్ష వేసిన న్యాయమూర్తి రెడ్‌మండ్ బ్యారీ (తర్వాత అది జైలుశిక్షగా మారింది). ఈ పేరు ఆమె జీవితంలో మళ్ళీ వస్తుంది.

కొన్నాళ్ళు వాంగరాటాలో బట్టలుతికి, తర్వాత ఎలెవెన్ మైల్ క్రీక్ దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. గొర్రెల ఆసాముల గుప్పిట్లోని ప్రభుత్వ భూములను చిన్న రైతులకు పంచాలని 1860లలో చట్టాలు వచ్చాయి. అయితే ఏటా కౌలు కట్టాలి, ఇల్లు లేపాలి, కంచె వేయాలి, కొంత నేల దున్నాలి. మగదిక్కులేని ఇంట్లో, చేతిలో పెట్టుబడి లేకుండా ఇది అయ్యే పని కాదు. అందుకే పొలం కన్నా ఆ ఇల్లే ఎక్కువ సంపాదించి పెట్టింది: బాటసారులకు పడక, భోజనం, చాటుగా లైసెన్సు లేని సారా. చెట్టుబెరడు కప్పిన ఆ గుడిసెలో గదులకు దుప్పట్లే గోడలు. పోలీసు నివేదికల్లో అది దొంగల స్థావరం. నిజానికి పూటకూళ్ళ ఇల్లు కూడా.

1874లో జార్జ్ కింగ్ అనే అమెరికన్‌ను పెళ్ళాడింది. అతడు కొన్నేళ్ళకే వదిలి వెళ్ళిపోయాడు. మొత్తం పన్నెండుమంది బిడ్డలను కన్నది.

1878 ఏప్రిల్‌లో గుర్రాల దొంగతనం కేసులో కొడుకు డాన్‌ను పట్టుకోవడానికి కానిస్టేబుల్ ఫిట్జ్‌పాట్రిక్ ఒంటరిగా వచ్చాడు. ఎలెన్ తనను పారతో కొట్టిందనీ నెడ్ కాల్చాడనీ అతడి ఫిర్యాదు. కుటుంబం చెప్పినది వేరు. బ్యారీయే ఆమెకు మూడేళ్ళ కఠినశిక్ష వేశాడు. చంటిపిల్లను ఎత్తుకునే జైలుకెళ్ళింది. ఫిట్జ్‌పాట్రిక్‌ను 1880లో ఉద్యోగం నుంచి తీసేశారు గాని, అప్పటికి ఆమె శిక్ష చాలామటుకు గడిచిపోయింది. అప్పటికి నెడ్, డాన్ బందిపోట్లుగా తిరుగుతున్నారు. ఆ ఏడాది జూన్‌లో గ్లెన్‌రోవన్‌లో పోలీసుల ముట్టడిలో డాన్ చనిపోయాడు, నెడ్ పట్టుబడ్డాడు. నవంబరు 11న, ఆమె ఉన్న మెల్‌బోర్న్ జైల్లోనే నెడ్‌ను ఉరితీశారు. ఆ శిక్ష వేసినదీ బ్యారీయే. పన్నెండు రోజులకు ఆయనా కన్నుమూశాడు.

1881 ఫిబ్రవరిలో విడుదలై ఎలెన్ గ్రేటాకే తిరిగి వచ్చింది. ఊరు పగతో రగులుతున్న ఆ రోజుల్లో రాబర్ట్ గ్రాహమ్ అనే కానిస్టేబుల్ ఆమెతో మర్యాదగా మెలిగి నమ్మకం సంపాదించాడు. పెద్ద సైన్యం చేయలేని పని అది. 1898లో కూతురు కేట్ న్యూ సౌత్ వేల్స్‌లో నీటమునిగి చనిపోతే, ఎలెన్ కేట్ పిల్లలను తెచ్చి మళ్ళీ తల్లయింది. కొడుకు జిమ్ చివరిదాకా వెంట ఉండి వ్యవసాయం చూసుకున్నాడు. 1923 మార్చి 27న, తొంభై దాటాక మరణించింది. గ్రాంట్లీ కీజా 2017లో ఆమె జీవితచరిత్ర రాశాడు.