రకూన్ చేతివేళ్ళు, చిట్టెలుక మీసాలు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళలో చాలామందికి రకూన్‌తో పేచీ తప్పదు. చెత్త డబ్బా మూత ఎంత బిగించినా రాత్రికి ఊడదీసి, పెరడంతా చెల్లాచెదురు చేసి పోతుంది. ఆ చేతివేళ్ళ వెనక ఉన్న మెదడు గురించి ఇవాళ చెప్పుకుందాం.

1930ల చివర్లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో క్లింటన్ వుల్సీ, వేడ్ మార్షల్, ఫిలిప్ బార్డ్ కలిసి ఒక పద్ధతి పట్టుకున్నారు. మత్తులో ఉన్న జంతువు చర్మాన్ని ఎక్కడో తాకడం, మెదడు పైపొర మీద, అంటే కార్టెక్స్ మీద, ఎక్కడ విద్యుత్ అల లేస్తుందో చూడడం. అలా చుక్క చుక్కా కలిపితే ఒంటికి మెదడులో ఉన్న పటం తయారవుతుంది. 1948లో వుల్సీ విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కి వెళ్ళాక ఎలుక, కుందేలు, పిల్లి, కోతి, ఇలా జంతువు తరవాత జంతువుకి పటాలు గీశారు.

అప్పట్లో మెదళ్ళంటే చాలామంది మనసులో ఒక నిచ్చెన ఉండేది: కింది మెట్టు మీద ఎలుక, పై మెట్టు మీద మనిషి. ఈ పటాలు చూస్తే ఆ నిచ్చెన నిలవదు. ఏ జంతువు దేనితో బతుకుతుందో దానికే మెదడులో ఎక్కువ చోటు. 1959లో అదే మాడిసన్‌లో వాలీ వెల్కర్, సిడ్నీ సైడెన్‌స్టైన్ రకూన్ మెదడు చూశారు. అరచేతికీ వేళ్ళకీ ఎంతో పెద్ద జాగా! పైగా ఒక్కో వేలికీ విడిగా ఒక్కో మడత, మధ్యలో పొలం గట్లలా చీలికలు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఈ పటాల కోసం మత్తిచ్చిన జంతువుల్లో చాలావాటికి మళ్ళీ మెలకువ రాలేదు. వెల్కర్ మాత్రం ఆ మెదళ్ళను పలచని పొరలుగా కోయించి, రంగులద్ది, గాజు పలకల మీద భద్రపరిచారు. పోయిన ప్రాణం ఆ తరవాత ఎందరికో పాఠమైంది. ఆ భండారం తరవాత వాషింగ్టన్ దగ్గరున్న నేషనల్ మ్యూజియం ఆఫ్ హెల్త్ అండ్ మెడిసిన్‌కి చేరింది.

వుల్సీ గారి అబ్బాయి థామస్‌ది ఇంకో ముచ్చట. 1970లో హెండ్రిక్ వాన్ డెర్ లూస్‌తో కలిసి చిట్టెలుక మెదడులో పీపాల్లాంటి కణాల గుంపులు చూపించారు. మూతి మీద మీసాలు ఏ వరసలో ఉన్నాయో పీపాలూ అదే వరసలో! ఒక్కో మీసానికి ఒక్కో పీపా. 1973లో అంతకన్నా పెద్ద సంగతి తేలింది. పుట్టిన వెంటనే మీసాల కుదుళ్ళు తీసేస్తే వాటికి సంబంధించిన పీపాలు ఏర్పడవు. అంటే మెదడులోని అల్లిక అంతా పుట్టుకతోనే రాసిపెట్టి ఉండదన్నమాట. చర్మం నుంచి కబురు రావాలి.

ఈ దారినే ఇంకా ముందుకు వెళ్ళినవాడు మృగాంక సుర్. తెలుగువాడు కాకపోయినా కాన్పూరు ఐఐటీలో చదివినవాడు, మనకి పరాయివాడేం కాదు. పసి ఫెరెట్లలో కంటి తీగెలు చెవికి సంబంధించిన దారిలోకి పోయేలా చేశారు. 1988లోనూ, 2000లోనూ ఎంఐటీ నుంచి వచ్చిన ఫలితాల ప్రకారం, వినాల్సిన కార్టెక్స్ వెలుగుకి స్పందించింది. గీతలు ఏ వాలులో ఉన్నాయో పోల్చుకునే కణాలు కూడా అక్కడ అమరాయి. మా పిల్లవాడికి లెక్కలు పుట్టుకతో వచ్చాయా, నేర్పితే వచ్చాయా అని వాదించుకునేవాళ్ళు ఈ ఫెరెట్లని ఒకసారి తలుచుకోవాలి. జవాబు రెండు పక్కలా ఉంది.

మరి ఇన్ని తేడాల్లో అందరికీ ఉమ్మడిదంటూ ఏమీ లేదా? 2020లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 123 జాతుల క్షీరదాల మెదళ్ళను ఎంఆర్ఐలో పరీక్షించారు. చిన్న మెదడైనా పెద్ద మెదడైనా మొత్తం మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి కబురు అందే సౌలభ్యం దాదాపు సమానమేనట. కుడి, ఎడమ భాగాల మధ్య తీగెలు తక్కువైన జంతువులో ఒక్కో భాగం లోపలి తీగెలు ఎక్కువగా ఉన్నాయి. మీ పెరట్లో రకూన్‌కీ, దాన్ని తరిమే మీకూ ఈ లెక్క ఒక్కటే.