సుంకాలు తగ్గాక ఎవరి రాబడి పెరిగింది?

కూలీలు ఎక్కువగా, పెట్టుబడి తక్కువగా ఉన్న దేశం విదేశీ వ్యాపారానికి తలుపులు తెరిస్తే అక్కడ కూలిరేట్లు పెరుగుతాయి, అంతరాలు తగ్గుతాయి. 1941లో స్టోల్పర్, శామ్యూల్సన్ ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి పేద దేశాలు తీసుకున్న ఆశ ఇది. దక్షిణ కొరియా, తైవాన్ ఆ ఆశను చాలావరకు నిజం చేశాయి. అయితే ఎగుమతుల బాట పట్టకముందే అవి భూమిని కౌలుదార్లకు పంచాయి, పల్లె పిల్లలను బడికి పంపాయి. అసలు కీలకం ఈ వరుసలోనే ఉందని నా నమ్మకం.

మెక్సికోలో ఫలితం తిరగబడింది. 1980ల మధ్యలో సుంకాలు తగ్గించాక అక్కడ చదువుకున్నవారి జీతాలు పెరిగాయి, మామూలు కార్మికులు వెనకబడ్డారు. అంతవరకూ సుంకాలు కాపాడుతూ వచ్చింది వాళ్లు పనిచేసే పరిశ్రమలనే. పైగా వాళ్లకంటే చవగ్గా పనిచేసే చైనా అప్పటికే సంతలోకి దిగింది.

మన దేశంలో 1991లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం సంస్కరణలు మొదలుపెట్టింది. 80 శాతం దాటిన సగటు సుంకం 1996కల్లా 37 శాతానికి దిగింది. 1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ వెలిసింది. ఇంగ్లీషు, ఇంజనీరింగ్ చదువు అందిన తెలుగు కుటుంబాలు ఒక్క తరంలోనే అమెరికా దాకా వెళ్లాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1997-98లో, వరంగల్ పత్తి చేలను లద్దెపురుగు తినేసింది, అప్పులపాలైన రైతులు పురుగుమందు తాగారు. ఆ చావులన్నిటినీ ప్రపంచీకరణ ఖాతాలో వేయలేం. వానలు, నకిలీ మందులు కూడా ముంచాయి. కానీ సంస్కరణల తర్వాత బ్యాంకులు పల్లెల్లో వెనకడుగు వేయడంతో రైతు వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కాల్సి వచ్చిందన్నది మరవరాని నిజం.

పేదరికం తగ్గలేదా అంటే, తగ్గింది. సుంకాల కోత ఎక్కువగా తాకిన గ్రామీణ జిల్లాల్లో మాత్రం మిగతాచోట్ల కంటే నెమ్మదిగా తగ్గిందని ఆర్థికవేత్త పెటియా టోపలోవా లెక్కగట్టారు. పని పోయినవాళ్లు మరో పనికి, మరో ఊరికి సులువుగా మారలేకపోవడమే అందుకు ముఖ్య కారణం. ఇటు పైమెట్టు మీద, ఆర్థికవేత్త పికెటీ బృందం అంచనాల ప్రకారం, జాతీయ ఆదాయంలో అగ్రశ్రేణి ఒక్క శాతం వాటా 1980ల ఆరంభంలో సుమారు 6 శాతం. 2022-23కి అది 22 శాతం దాటింది.

అంతరాలు ఇలా పెరగడం తప్పనిసరి పరిణామం అనేవాళ్లు బ్రెజిల్‌ను చూడాలి. 2000ల దశకంలో ఆ దేశం చైనాకు సోయా, ఇనుప ఖనిజం అమ్ముతూనే కనీస వేతనం పెంచింది. 2003లో బోల్సా ఫమీలియా అనే పథకం తెచ్చి పేద తల్లుల చేతికి డబ్బిచ్చింది, పిల్లలు బడికి వెళ్లాలన్న షరతు పెట్టింది. కుటుంబాల సర్వేల్లో ఆ దశాబ్దమంతా అంతరాలు తగ్గుతూ వచ్చాయి.