మొబైల్ యూజబిలిటీ హెచ్చరికలు

ఒక వెబ్ పేజీ ఫోన్ తెరమీద చదవడానికి, వేలితో నొక్కడానికి అనువుగా లేదని గూగుల్ ఆ సైటు నిర్వాహకులకు తెలియజేస్తూ వచ్చిన సూచనలే మొబైల్ యూజబిలిటీ హెచ్చరికలు. ఇవి సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో కనిపించేవి. 2015 మే దాకా దాని పేరు వెబ్‌మాస్టర్ టూల్స్. 2023 డిసెంబరులో గూగుల్ ఈ నివేదికను తీసేసింది.

హెచ్చరికల్లో ఎక్కువగా కనబడేవి నాలుగే: అక్షరాలు మరీ చిన్నవి, లింకులు ఒకదానికొకటి మరీ దగ్గర, పేజీ తెర కన్నా వెడల్పు, వ్యూపోర్ట్ (పేజీని ఏ వెడల్పున అమర్చాలో బ్రౌజరుకు చెప్పే ట్యాగు) లేదు. చివరిదే చాలాసార్లు మొదటి రెండింటికి మూలం. వ్యూపోర్ట్ ట్యాగు లేని పేజీని ఫోన్ బ్రౌజరు కంప్యూటరు పేజీగా భావించి, సుమారు 980 పిక్సెళ్ల వెడల్పున అమర్చి, ఆ మొత్తాన్ని అరచేతి తెరలోకి కుదిస్తుంది. దాంతో అక్షరాలు చీమల బారులవుతాయి, లింకులు ఇరుక్కుపోతాయి. పేజీ తలభాగంలో ఒక్క వరుస కోడ్ చేరిస్తే ఈ కుదింపు ఆగుతుంది. అయితే పాత పేజీలో పట్టికల వెడల్పు ముందే బిగించి ఉంటే, ఆ వరుస పెట్టాక అవి తెర దాటి పక్కకు జారతాయి. ఒక హెచ్చరిక పోయి ఇంకొకటి వచ్చేది. నొక్కే చోటు సుమారు 48 పిక్సెళ్ల మేర ఉండాలన్న సలహా వేలికొనను కొలతగా పెట్టుకున్నది.

తెలుగు పేజీలకు సొంత చిక్కులు కొన్ని ఉన్నాయి. ‘కార్యనిర్వహణాధికారులతోపాటు’ వంటి మాటను పెద్ద అక్షరాల శీర్షికలో పెడితే, మధ్యలో విరగడానికి చోటులేక తెర అంచు దాటిపోతుంది. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లోని ఓవర్‌ఫ్లో-ర్యాప్ అనే సూత్రంతో దాన్ని విరవవచ్చు. రెండోది వరుసల ఎడం. ఇంగ్లిషుకు సరిపోయే ఎడంలో ‘శాస్త్రం’ కింది ఒత్తులు తర్వాతి వరుస గుడులకు తగులుతాయి. చదివేవాడికి ఇదే పెద్ద ఇబ్బంది. గూగుల్ హెచ్చరికల జాబితాలో మాత్రం దీనికి చోటే ఉండేది కాదు.

ఇక శోధన ఫలితాల్లో ర్యాంకు సంగతి. 2014 నవంబరులో గూగుల్ అనువైన పేజీల పక్కన ‘మొబైల్ ఫ్రెండ్లీ’ అన్న చీటీ చూపడం మొదలుపెట్టింది. 2015 ఏప్రిల్ 21న ఆ అనువును ర్యాంకులో లెక్కలోకి తీసుకుంది. సైట్లవాళ్లు దీన్ని ‘మొబైల్‌గెడాన్’ అంటూ ప్రళయంలా చూశారు. పేరుకున్నంత భయం మార్పులో లేదు: అది ఫోన్‌లో చేసే శోధనలకే వర్తించింది, సైటు మొత్తానికి కాక పేజీ పేజీకి విడిగా పనిచేసింది. అడిగినదానికి సరైన జవాబున్న పేజీ ఫోన్‌కు అనువుగా లేకపోయినా పైనే ఉండగలదని గూగుల్ అప్పుడే చెప్పింది. హెచ్చరిక రాగానే ర్యాంకు పడిపోయిందని కంగారుపడినవారు ఈ మాట పట్టించుకున్నట్టు లేదు.

కొన్ని హెచ్చరికలు ఉత్తవే అయ్యేవి. సైటువాళ్లు, ఏవి చదవకూడదో శోధన యంత్రాలకు చెప్పే రోబోట్స్ ఫైలులో సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్లను గూగుల్ చూడకుండా అడ్డుకుంటే, దానికి అలంకరణ లేని పేజీ దొరికేది. బాగున్న పేజీకీ తప్పు పడేది. ఇలాంటిచోట మార్చాల్సింది డిజైన్ కాదు, ఆ అడ్డు.

2016 ఆగస్టులో, ఫోన్ ఫలితాల్లోని 85 శాతం పేజీలు అప్పటికే అర్హమైనవని చెబుతూ గూగుల్ చీటీని తొలగించింది. ర్యాంకు లెక్కలో అనువును మాత్రం ఉంచింది. ఫోన్‌లో రాగానే తెరను కప్పేసే ప్రకటనలున్న పేజీలను 2017 జనవరి నుంచి తగ్గించి చూసింది.

అసలు దెబ్బ తగలగలిగేది మొబైల్ ఫస్ట్ ఇండెక్సింగ్‌తో. 2016 నవంబరులో ప్రకటించి, 2018లో సైట్లను తరలించడం మొదలుపెట్టి, 2023 అక్టోబరులో పూర్తయిందని చెప్పిన ఈ పద్ధతిలో గూగుల్ ఫోన్ పేజీనే చదివి సూచికలో పెడుతుంది. కంప్యూటరు పేజీలో ఉన్న పట్టికో, బొమ్మ వివరణో ఫోన్ పేజీలో తీసేస్తే, కంప్యూటరులో వెతికేవాడికీ అది దొరకకపోవచ్చు. తేలిగ్గా ఉంటుందని ఫోన్ పేజీలో సగం కోసేసేవారికి ఏ యూజబిలిటీ హెచ్చరికా వచ్చేది కాదు, అక్షరాలు పెద్దవిగా, లింకులు దూరంగా ఉన్నాయి గనక.