ఎవరి బగ్గు గట్టిది?

వైట్‌బోర్డు దగ్గర మార్కర్ ఎవరి చేతిలో ఉంటే మీటింగు వాళ్లది. ఇది మన ఆఫీసుల్లో అందరికీ తెలిసిందే. మరి ఆ బోర్డు నెట్లోకి వచ్చాక మార్కర్ ఎవరి చేతికి చిక్కింది? ఆ చరిత్ర కాస్త తవ్వాను, భలే ఉంది.

1968 డిసెంబర్ 9, శాన్‌ఫ్రాన్సిస్కో. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ స్టేజీ మీద కూర్చుని గంటన్నరలో మౌసు, హైపర్‌టెక్స్టు అన్నీ చూపించేశాడు. మౌసు సంగతి సరే, నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. సుమారు 50 కిలోమీటర్ల అవతల, మెన్లో పార్కులో బిల్ పాక్స్‌టన్ కూర్చున్నాడు. అతని మొహం తెర మీద ఓ మూల, ఇద్దరి ముందూ ఒకే డాక్యుమెంటు. తెర మీద కదిలే గుర్తుని వాళ్లు బగ్ అనేవాళ్లు (మనం రాత్రుళ్లు వెతుక్కునే బగ్ కాదు లెండి). పాక్స్‌టన్ తన బగ్గుతో ఫలానా చోట అని చూపించగలడు, అంతే. అధికారమంతా ఎంగెల్‌బార్ట్ బగ్గుదే. ఆ మాట ఆయన స్టేజీ మీదే సరదాగా అనేశాడు కూడా. ఆన్‌సైటు, ఆఫ్‌షోరు అనే మాటలు మన చెవిన పడకముందే సంగతి తేలిపోయిందన్నమాట :)

దీన్ని తిరగేసింది జెరాక్స్ పార్క్‌లో మార్క్ స్టెఫిక్ బృందం. 1987లో వాళ్లు వివరించిన కోలాబ్ గదిలో తలా ఒక కంప్యూటరు, ఎదురుగా పెద్ద తెర, అందరూ ఒకేసారి రాయొచ్చు. అందులో కాగ్నోటర్ అనే ప్రోగ్రాం మొదటి దశలో ఆలోచనలు పోగెయ్యడమే, కొట్టెయ్యడం లేదు. కాకపోతే అందరూ ఆ గదిలోనే ఉండాలి.

దూరం సంగతి జాన్ టాంగ్, స్కాట్ మిన్నెమన్ పట్టుకున్నారు. వాళ్ల 1991 నాటి వీడియోవైట్‌బోర్డులో కెమెరా బోర్డు వెనక ఉంటుంది. అవతలి మనిషి గీస్తుంటే గీతతో పాటు అతని నీడ కూడా మీ బోర్డు మీద కనిపిస్తుంది. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తటపటాయించిందో తెలిసిపోతుంది. అవతలివాళ్ల గీత మీ దగ్గర ఉత్త వీడియో బొమ్మే కాబట్టి దాన్ని మీరు చెరపలేరు. లోపమే అనుకోండి. నాకైతే అంతకన్నా మంచి ఫీచర్ కనపడలేదు.

1996లో నెట్‌మీటింగ్ వైట్‌బోర్డుని మామూలు పీసీల్లోకి తెచ్చింది. అందులో బోర్డుకి తాళం వేసే బటన్ ఉండేది, ఒకరు నొక్కితే మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలి. గట్టి బగ్గు మళ్లీ హాజరు! 2011లో రష్యాలోని పెర్మ్‌లో పుట్టిన రియల్‌టైమ్‌బోర్డ్ 2019లో మీరో అయింది. 2020లో లాక్‌డౌన్ వచ్చిపడింది.

నేను ఉద్యోగంలో చేరింది ఆ ఏడాదే. క్లయింటు (పేరెందుకు లెండి) పంపే బోర్డు లింకు మాకు చూడ్డానికి మాత్రమే. వాళ్ల బాణాలు గబగబా తిరిగేవి, బాక్సులు పుట్టేవి, పోయేవి, డిజైను ఖరారయ్యేది. తారీఖులకి జవాబుదారీ మాత్రం మేము. 52 ఏళ్ల కిందటి పాక్స్‌టన్‌కి కనీసం వేలెత్తి చూపించడానికి ఒక బగ్గయినా ఉంది.

ఆర్నెల్లు అడగ్గా అడగ్గా రాసే హక్కు ఇచ్చారు. మా టీములో కాల్స్‌లో ఎన్నడూ నోరు విప్పని అమ్మాయి మొదటి రోజే పేమెంటు బాక్సు పక్కన పసుపు చీటీ అంటించింది: "రెస్పాన్స్ రాక మళ్లీ పంపితే డబ్బు రెండుసార్లు కట్ అవుతుంది కదా?" అటువైపు బాణాలన్నీ ఆ చీటీ దగ్గరకొచ్చి ఆగిపోయాయి.