కంటోన్మెంటు నుండి కార్ఖానాల దాకా: హైదరాబాదు అగ్రపీఠం

మన సభ్యులలో చాలామందికి చర్చి అనగానే మెదక్ గుర్తుకు వస్తుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ మహామందిరం నేడు సి.ఎస్.ఐ. వారిది. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలోని నాబోటి కతోలికులు హైదరాబాదు అగ్రపీఠం కిందికి వస్తారు. ఈ తేడా మిత్రులు తరచు అడుగుతుంటారు కనుక, ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

1851లో హైదరాబాదు మిషన్ మద్రాసు నుండి వేరుపడింది. తొలి అధిపతి డేనియల్ మర్ఫీ ఐర్లండు దేశస్థులు. సికింద్రాబాదు సెయింట్ మేరీస్ గుడి 1850 నాటిది. కంటోన్మెంటులోని ఐరిష్ సిపాయిలకు అదే ఆధారం. తరువాత మిలాన్ నుండి వచ్చిన గురువులు తెలుగు నేర్చి పల్లెలకు వెళ్లారు. ఆల్ సెయింట్స్ (1855), సెయింట్ ఆన్స్ (1871) బడులలో అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు. 1886లో మేత్రాసనం, 1953లో అగ్రపీఠం ఏర్పడ్డాయి.

1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ వెనుక పారిశ్రామికవాడ వచ్చాయి. కేరళ, తమిళనాడు, కోస్తా జిల్లాల నుండి వచ్చిన మాకు ఇక్కడ చుట్టాలు లేరు. ఆదివారం పూజ తరువాతే అద్దె ఇల్లు, పిల్లల బడి, పెళ్లి సంబంధం మాట్లాడుకునేవాళ్లం. ఎవరైనా పోతే పెట్టె మోయడానికి భుజాలూ అక్కడినుండే వచ్చేవి.

అయితే పక్కపక్కన మోకరిల్లినవాళ్లం బయట సమానం కాలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితులు ఎస్.సి. జాబితాలోకి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ అవకాశం ఇచ్చారు. వీరికి మన రాష్ట్రంలో దక్కింది బి.సి. 'సి' గ్రూపులో ఒక్క శాతమే. ఒకే వాడలో పుట్టినవారి పిల్లలు ఉద్యోగానికి వేర్వేరు వరుసలలో నిలబడడం నేను చూశాను. తప్పు బయట మాత్రమే లేదు. గుడిలోనూ కులవివక్ష ఉందని, అది పాపమని 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్యే తన విధానపత్రంలో ఒప్పుకుంది.

కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల ఆంతోని గారు 2021 జనవరిలో అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ హోదా పొందారు. తెలుగువారిలోనూ, దళితులలోనూ ఆయనే మొదటివారు. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్నవారిలో ఆయనా ఒకరు. సిపాయిల గుడితో మొదలైన పీఠానికి ఇది గర్వకారణమే. కాని రోముదాకా అందిన గౌరవం, ధ్రువపత్రం కోసం తిరిగే మన మనుమలకు కూడా అందాలి కదా!